చైనాలో చూడటానికేముందనే వాళ్ళకు

పరవాడ, అచ్యుతాపురం, నక్కపల్లి. ఎలమంచిలికి అటూ ఇటూ ఉన్న ఈ పారిశ్రామిక వాడల నుంచి ఏటా ఎంతోమంది పని మీద చైనా వెళ్ళొస్తుంటారు. ముడిసరుకు అమ్మే ఫ్యాక్టరీని తనిఖీ చేయడానికి క్వాలిటీ వాళ్ళు, రేటు మాట్లాడటానికి పర్చేజ్ వాళ్ళు, రియాక్టరో సెంట్రిఫ్యూజో చూసి ఆర్డరివ్వడానికి ప్రాజెక్టు వాళ్ళు, జూన్‌లో షాంఘైలో జరిగే మందుల పరిశ్రమ ప్రదర్శనకు మార్కెటింగ్ వాళ్ళు. తిరిగొచ్చాక ఎలా ఉందని అడిగితే అందరిదీ ఒకటే పాట. "ఏముందండీ అక్కడ? ఫ్యాక్టరీ, హోటలు, ఎయిర్‌పోర్టు. తినడానికి తిండి లేదు, మాట్లాడటానికి మనిషి లేడు."

ఈ మాటకు చదువుకున్నవాళ్ళు సిద్ధాంతం కూడా తగిలించారు. పాత చైనా మావో కాలంలోనే పోయిందంటారు. ఇప్పుడు పాత వీధులంటూ చూపించేవన్నీ టూరిస్టుల కోసం వేసిన సెట్టింగులంటారు. పని మీద వెళ్ళినవాడికి అసలు దేశం ఎలాగూ కనబడదంటారు. చివరికి, శత్రుదేశపు సంస్కృతి మనకెందుకంటారు.

నేను పుట్టి పెరిగింది ఎలమంచిలిలో. బల్క్ డ్రగ్ కంపెనీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. తనిఖీల కోసం జెజియాంగ్ రాష్ట్రంలోని తైజౌ ప్రాంతానికి వెళ్ళొస్తుంటాను. ఈ నాలుగు వాదాలూ తప్పని, మనకే నష్టం తెచ్చే తప్పులని చెప్పడానికి ఇది రాస్తున్నాను.

మొదటి వాదంలో సగం నిజముంది. ఆ సగాన్ని ముందే ఒప్పుకుందాం. 1966లో మొదలై పదేళ్ళు సాగిన సాంస్కృతిక విప్లవంలో పాతదన్న ప్రతిదాని మీదా దాడి జరిగింది. 1966 నవంబరులో ఛుఫులో ఏకంగా కన్ఫ్యూషియస్ సమాధి మీదే పడ్డారు. విగ్రహాలు పగిలాయి, గ్రంథాలు తగలబడ్డాయి, పూజారులూ పండితులూ వీధుల్లో అవమానాల పాలయ్యారు. ఇదంతా చరిత్ర, ఎవరూ కాదనలేరు. అయితే దెబ్బ తగిలిందనడం వేరు, ప్రాణం పోయిందనడం వేరు. రెండోది చెప్పేవాళ్ళు నాడి పట్టి చూసి చెప్పాలి. మనవాళ్ళు చూడకుండానే మరణ ధ్రువపత్రం రాసేస్తున్నారు.

ప్రాణం ఉందో లేదో తెలుసుకోవడానికి బీజింగ్ దాకా వెళ్ళక్కర్లేదు. పరవాడలో ఏ పర్చేజ్ మేనేజర్‌నైనా జనవరి నెలలో పలకరించండి. ఆయన తలపట్టుకుని కూర్చుని ఉంటాడు. కారణం చైనా కొత్త సంవత్సరం. చాంద్రమానం ప్రకారం జనవరి చివరా ఫిబ్రవరిలోనా వచ్చే ఆ పండక్కి అక్కడి ఫ్యాక్టరీలు రెండు వారాలు, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువే మూతపడతాయి. ఎంత పెద్ద ఆర్డరున్నా, ఎంత రేటిస్తామన్నా కార్మికుడు ఆగడు. అమ్మానాన్నల దగ్గరికి వెళ్ళి ఆ రాత్రి అందరితో కలిసి భోంచేయాల్సిందే. అందుకే మన గోడౌన్లలో డిసెంబరులోనే సరుకు నింపుకుంటాం. సంప్రదాయం చచ్చిపోయిన దేశంలో ఒక తిథి లెక్క వచ్చి ప్రపంచపు మందుల సరఫరా గొలుసునంతా ఆపగలదా? సెలవులయ్యాక ఫ్యాక్టరీ తెరిచే రోజును కూడా చాలామంది యజమానులు పంచాంగం చూసే పెట్టుకుంటారు. ఆ ఉదయం టపాసులు కాల్చి, పనివాళ్ళ చేతుల్లో ఎర్ర కవర్లలో డబ్బు పెట్టి, ఆ తర్వాతే మిషన్లు తిప్పుతారు. 2024 డిసెంబరులో యునెస్కో ఈ పండగను మానవజాతి అమూర్త వారసత్వ జాబితాలో చేర్చింది. అంతకు చాలా ముందే, 2008లో, చైనా ప్రభుత్వం పితృదేవతల సమాధులు శుభ్రం చేసే ఛింగ్‌మింగ్‌కూ, డ్రాగన్ పడవల పండక్కూ, శరత్కాలపు పున్నమికీ సెలవులిచ్చింది. పాత ఆచారాలను పాతిపెట్టాలని చూసిన రాజ్యమే వాటికి సెలవు ప్రకటించాల్సి వచ్చిందంటే, గెలిచింది ఎవరో వేరే చెప్పాలా?

ఇంకో సాక్ష్యం తైజౌ ప్రాంతంలోనే ఉంది. ఆ ప్రాంతం బల్క్ డ్రగ్స్‌కు పెట్టింది పేరు. లిన్‌హాయ్ తీరంలోని మందుల వాడకు మనవాళ్ళు తనిఖీలకు వెళ్తుంటారు. అదే ప్రాంతంలో తియన్‌తాయ్ కొండ కింద క్వోఛింగ్ ఆలయం ఉంది. సుయి వంశం వాళ్ళు 598లో కట్టించారు. సాంస్కృతిక విప్లవంలో అందులోని విగ్రహాలు ధ్వంసమయ్యాయి. 1973లో ప్రధాని చౌ ఎన్‌లై ఆదేశాలతో దాన్ని బాగుచేశారు. అంటే విప్లవం ఇంకా ముగియకముందే ఆ గుడి మళ్ళీ లేచింది. ఈరోజు వెళ్తే తెల్లవారుజామున జపం వినిపిస్తుంది, భిక్షువుల వంటశాల నుంచి పొగ లేస్తుంది. జపాన్ నుంచి సైచో అనే భిక్షువు 804లో సముద్రం దాటి వచ్చి, ఈ ప్రాంతంలోనే చదువుకుని, తిరిగెళ్ళి తెందాయ్ శాఖను స్థాపించాడు. జపనీయులు నేటికీ ఆ కృతజ్ఞతతో వస్తూనే ఉన్నారు.

మరి మనం? ఆ తియన్‌తాయ్ శాఖ తన గురుపరంపరలో తొలి ఆచార్యుడిగా కొలిచేది ఎవరినో తెలుసా? ఆచార్య నాగార్జునుడిని. సంప్రదాయం శాతవాహనులతోనూ కృష్ణా తీరపు శ్రీపర్వతంతోనూ ముడిపెట్టే ఆ నాగార్జునుడినే. ఆయన మాధ్యమిక కారికలను 409లో కుమారజీవుడు చైనా భాషలోకి తెచ్చాడు. ఆ అనువాదాల ఆధారంగానే తియన్‌తాయ్ తత్త్వం పెరిగింది. మన గడ్డ మీది ఆలోచనకు దాదాపు పదిహేను వందల ఏళ్ళుగా దీపం పెడుతున్న కొండ పక్కనే మనవాళ్ళు హోటల్ గదిలో ఫోను చూసుకుంటూ పడుకుని, తిరిగొచ్చి "అక్కడేముందండీ" అంటున్నారు. ఈ మాట వింటే నాకు కోపం కన్నా బాధ ఎక్కువ.

చైనా వాళ్ళు తమ వారసత్వాన్ని నాశనం చేసుకున్నారని తీర్పు చెప్పే ముందు మన ఇంటి వాకిలి కూడా చూసుకోవాలి. అనకాపల్లి పక్కన శంకరం దగ్గర బొజ్జన్నకొండ ఉంది. 1906 ప్రాంతంలో అలెగ్జాండర్ రే తవ్వకాలు జరిపిన గొప్ప బౌద్ధ క్షేత్రం అది. ఏటా కనుమ రోజున చుట్టుపక్కల జనం ఆ కొండెక్కి, అక్కడున్నది రాక్షసుడనుకుని రాళ్ళు విసిరే అలవాటు మొన్నమొన్నటి దాకా ఉండేది. మన రాంబిల్లి మండలంలో కొత్తూరు ధనదిబ్బలున్నాయి. అవి బౌద్ధ స్తూపాల శిథిలాలని ఎలమంచిలిలో ఎంతమందికి తెలుసు? అక్కడ రాజ్యం చెప్తే రాళ్ళు వేశారు, ఇక్కడ ఎవరూ చెప్పకుండానే వేశాం. వాళ్ళు మళ్ళీ కట్టుకున్నారు. మనం ఇంకా ఆ పని పూర్తి చేయలేదు. ఇలాంటి చోట నిలబడి అవతలివాళ్ళను తప్పుపట్టే హక్కు మనకెక్కడిది?

రెండో వాదం సెట్టింగుల గురించి. ఇందులోనూ కొంత నిజముంది. ఛెంగ్దూ నుంచి హాంగ్‌జౌ దాకా పాత వీధులు అని బోర్డు పెట్టిన చాలాచోట్ల అవే ఎర్ర లాంతర్లు, అవే పుల్లకు గుచ్చిన తినుబండారాలు, అవే అద్దె పట్టుబట్టల ఫొటోలు. వాటిని చూసి విసుగు పుట్టడం సహజం. కాని ఆ విసుగును దేశమంతటికీ అంటగట్టడం అన్యాయం.

లిన్‌హాయ్‌లో జియాంగ్ అనే వీధి ఉంది. పేరు ఆ ప్రాంతానికి చెందిన తావో గురువు జాంగ్ బోదువాన్ బిరుదు మీద వచ్చింది. కిలోమీటరు పైచిలుకు పొడవు. ఊరి చుట్టూ ఉన్న గోడను 16వ శతాబ్దంలో సముద్రపు దొంగలతో పోరాడిన సేనాని ఛీ జిగ్వాంగ్ బాగుచేయించాడు. పగలు పదకొండు గంటలకు ఆ వీధికి వెళ్తే మీకూ టూరిస్టుల గుంపే కనబడుతుంది. తెల్లవారి ఆరింటికి వెళ్ళండి. దుకాణాల ముందు చెక్క పలకలు ఒక్కొక్కటే తీసి గోడకు ఆనిస్తుంటారు. వెదురు బుట్టల దొంతర నుంచి ఆవిరి లేస్తుంటుంది. బడికెళ్ళే పిల్లలు సోయా పాల గ్లాసు, నూనెలో పొంగిన పిండి కడ్డీ పట్టుకుని పరిగెడతారు. ముసలివాళ్ళు మాట్లాడుకునేది టీవీలో వినే చైనీస్ కాదు, ఆ ఊరి యాస. కూరగాయలమ్మే అవ్వ గంపకు క్యూఆర్ కోడ్ వేలాడుతుంటుంది. ఇంటి గుమ్మాలకు నిరుడు పండక్కి అంటించిన ఎర్ర కాగితాల పద్యాలు ఎండకు వెలిసి ఉంటాయి. ఇది ఎవరికోసమూ వేసిన సెట్టింగు కాదు. ఆ వేళప్పుడు చూసే టూరిస్టే ఉండడు.

ఆ వీధిలోనే ఒక పిండివంట చేస్తారు. గుడ్డు తెల్లసొనను గిన్నెలో గిలక్కొడుతూనే ఉంటారు. మధ్యలో చాప్‌స్టిక్ నిలబెడితే పడిపోకుండా ఆగేంత గట్టిగా నురగ రావాలి. ఆ నురగను గరిటెతో తీసి, నడుమ ఎర్ర చిక్కుడు గింజలను ఉడికించి తీపి కలిపిన ముద్దను పెట్టి, నురగతోనే మూసేసి, కాగే నూనెలోకి వదులుతారు. క్షణంలో అది బంతిలా ఉబ్బి బంగారు రంగుకు తిరుగుతుంది. పైన పంచదార చల్లి ఇస్తారు. మన పూర్ణం బూరె తిని పెరిగిన నాలుకకు లోపలి ఆ తీపి ముద్ద పరాయిదిగా ఏమాత్రం అనిపించదు. ఇలాంటి వంట ఊళ్ళో చేతి నుంచి చేతికి దిగుతూ వస్తుంది. సర్కారు ఉత్తర్వుతో వచ్చేది కాదు.

తిండి లేదన్న మాటనూ ఇక్కడే తేల్చేద్దాం. ఆ మాట మనలో ఎక్కడ నాటుకుందో చూడండి. అప్పట్లో తిరుపతి దగ్గర కడుతున్న టీవీ ప్యానెళ్ళ ఫ్యాక్టరీ కోసం తీసుకున్న మన కుర్రవాళ్ళను శిక్షణకు వుహాన్ పంపారు. 2020లో కరోనా విరుచుకుపడితే వాళ్ళక్కడ చిక్కుకుపోయారు. ఎక్కువమందిని ఎయిరిండియా విమానాలు వెళ్ళి తీసుకొచ్చాయి. ఆ వారాల్లో మన టీవీల నిండా గబ్బిలాలూ పాములూ అమ్మే మార్కెట్ల బొమ్మలే. నూట నలభై కోట్ల మంది రోజూ తినే అన్నం ఆ బొమ్మల వెనక మరుగున పడిపోయింది. నిజానికి ఏ చిన్న హోటల్‌కెళ్ళినా అన్నంలోకి టమాటా గుడ్డు వేపుడు, సన్నగా తరిగిన బంగాళాదుంప, వంకాయ, వెల్లుల్లి దట్టించిన దోసకాయ, రకరకాల ఆకుకూరలు, సోయా పన్నీరు ఉంటాయి. పూర్తి శాకాహారులకు గుళ్ళ దగ్గర ప్రత్యేక భోజనశాలలున్నాయి. భిక్షువుల వంటలో మాంసం సరే, ఉల్లీ వెల్లుల్లీ కూడా పడవు. "వో ఛ్ సు", అంటే నేను శాకాహారం తింటాను అని చెప్తే చాలు, వంటవాడికి అర్థమవుతుంది. సూట్‌కేసు నిండా రెడీమేడ్ ఉప్మా పొట్లాలు మోసుకెళ్ళి, వారం రోజులూ గదిలో వేడినీళ్ళు పోసుకు తిని, ఆ దేశంలో తిండి లేదనడం సత్యం కాదు.

మూడో వాదం అన్నిటికన్నా బలంగా కనిపిస్తుంది. పని మీద వెళ్ళినవాడికి దేశం కనబడదు, చూడాలంటే తీరిగ్గా టూరిస్టుగానే వెళ్ళాలి అంటారు. నేను దీనికి సరిగ్గా ఎదురు చెప్తాను. టూరిస్టుకు ఎన్నటికీ దొరకని చోట మనం కూర్చుంటాం. టూరిస్టు డబ్బిచ్చి కొనుక్కునే మనిషి. పని మీద వెళ్ళినవాడు వాళ్ళింటి అతిథి.

తనిఖీ ముగిసిన రాత్రి భోజనాన్నే తీసుకోండి. గుండ్రటి బల్ల. సాధారణంగా తలుపుకు ఎదురుగా ఉండే కుర్చీ ఆతిథ్యమిచ్చే పెద్దది, ఆయన కుడిచేతి పక్కది ముఖ్య అతిథిది. ఎవరు ఎక్కడ కూర్చోవాలన్న దాని మీదే రెండు నిమిషాలు మర్యాదల పోరు నడుస్తుంది. చేప వస్తే దాని తలను అతిథి వైపు తిప్పి పెడతారు. గ్లాసు తాకించేటప్పుడు చిన్నవాడు తన గ్లాసు అంచును పెద్దవాడి గ్లాసు అంచు కన్నా కిందికి దించుతాడు. పెద్దాయన ఇంకా వినయంగా తనదీ దించుతాడు. వయసును, హోదాను, స్నేహాన్ని ఒక్క అంగుళం ఎత్తులో కొలిచే ఆ మర్యాద కన్ఫ్యూషియస్ సంప్రదాయపు సజీవ పాఠం. ఏ మ్యూజియం టికెట్టుకూ అది దొరకదు.

ఫ్యాక్టరీ లోపల మాత్రం సంస్కృతి లేదా? పదకొండున్నరకల్లా క్యాంటీన్ నిండుతుంది. తిన్నాక ఆఫీసులో దీపాలార్పేస్తారు. మడత మంచమో, బల్ల మీద చిన్న దిండో, అందరూ కాసేపు కునుకు తీస్తారు. ఆ అరగంటలో బ్యాచ్ రికార్డులు తెమ్మని గొడవపెట్టే మన ఆడిటర్లను చూశాను. అక్కడివాళ్ళు ఏమీ అనరు, కాని మనసులో గుర్తుపెట్టుకుంటారు. గేటు దగ్గర కాపలావాడి గాజు సీసాలో రోజంతా తేయాకు తేలుతూనే ఉంటుంది. అకౌంట్స్ గది మూల ధనదేవత పటం ముందు నారింజ పళ్ళుంటాయి. కళ్ళు తెరిస్తే పనిచేసే చోటంతా ఇదే.

సాయంత్రం ఐదున్నరకు మనం ఖాళీ. ఏడింటికి ఊరి మైదానంలో రిటైరైన ఆడవాళ్ళు స్పీకర్ పెట్టుకుని వరసలు కట్టి నాట్యం మొదలుపెడతారు. పక్కన ఒక పెద్దాయన బారెడు కుంచెను నీళ్ళలో ముంచి నేల పలకల మీద అక్షరాలు రాస్తుంటాడు. చివరి అక్షరం రాసేసరికి మొదటిది ఆరిపోతుంది. చెట్టు కింద చదరంగం చుట్టూ ఆడేవాళ్ళు ఇద్దరు, సలహాలిచ్చేవాళ్ళు పదిమంది. ఇవి చూడటానికి టికెట్టు లేదు, గైడు అక్కర్లేదు, సెలవు అంతకన్నా అక్కర్లేదు. హోటల్ నుంచి బయటికి నడవాలి, అంతే.

పని మీద వచ్చినవాడికి దేశం కనబడదంటే చైనా భిక్షువు హ్యుయాన్‌త్సాంగ్ మాటేమిటి? 7వ శతాబ్దంలో ఆయన మన దేశానికి వచ్చింది విహారయాత్రకు కాదు, శాస్త్ర గ్రంథాలు సేకరించే పని మీద. ఆంధ్ర దేశంలో నడిచి, ధాన్యకటకంలో, అంటే ఇప్పటి అమరావతిలో, నెలల తరబడి ఉండి అభిధర్మం చదువుకున్నాడు. చదువుతూనే కళ్ళు తెరిచి చూశాడు. విహారాలు చాలా పాడుబడ్డాయని, ఇరవై దాకా మాత్రమే నడుస్తున్నాయని రాసిపెట్టాడు. పని ముగించుకుని గదిలో పడుకుని ఉంటే ఆనాటి అమరావతి గురించి మనకు ఆ సాక్ష్యమే ఉండేది కాదు.

తియన్‌తాయ్‌లో ఎలమంచిలి మనిషి తప్పక చూడాల్సిన విద్య ఒకటుంది. బంకమట్టితో విగ్రహం చేసి, దాని మీద చెట్టు నుంచి తీసిన పచ్చి లక్కరులో తడిపిన నార గుడ్డను పొరపొరగా అంటిస్తారు. ఆ పూత ఎండకు ఆరదు, తేమ ఉన్న గాలిలోనే గట్టిపడుతుంది. ఒక పొర కుదిరాకే ఇంకో పొర. చివరికి లోపలి మట్టి తీసేస్తే, మనిషి ఎత్తు బుద్ధుడు కూడా తేలికైపోతాడు. ఇక్కడ వరహా నది ఒడ్డున మన ఏటికొప్పాకలో అంకుడు కర్ర తిరుగుతుంటే లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది, మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మనది పురుగు ఇచ్చిన లక్క, వాళ్ళది చెట్టు ఇచ్చిన పాలు. పద్ధతులు వేరు, ఓపిక ఒకటే. చైనా ప్లాస్టిక్ బొమ్మలు ఏటికొప్పాక చేతివృత్తిని దెబ్బతీశాయన్న కోపం న్యాయమైనదే, నాకూ ఉంది. కాని ఆ ప్లాస్టిక్ తయారుచేసే దేశమే తన లక్కరు పనిని జాతీయ వారసత్వంగా గుర్తించి, శిష్యులకు నేర్పించి, గుళ్ళ నుంచి ఆర్డర్లు వచ్చేలా ఎలా నిలబెట్టుకుందో చూసి రావద్దా? 2017లో మన బొమ్మకు భౌగోళిక గుర్తింపు తెచ్చుకున్నాం. ఆ తర్వాతి మెట్లు ఎక్కినవాళ్ళను చూడటానికి చిన్నతనమెందుకు?

ఇక ఆఖరి వాదం, శత్రుదేశమన్నది. 2020 జూన్ 15న గల్వాన్‌లో మన సైనికులు ఇరవై మంది ప్రాణాలిచ్చారు. వాళ్ళలో మన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఉన్నారు. ఆ త్యాగాన్ని తక్కువ చేసే ఏ మాటా నేను అనను. కాని ఆయన పేరు చెప్పి అజ్ఞానాన్ని దేశభక్తిగా చెలామణి చేయడాన్ని ఒప్పుకోను. మన దేశం దిగుమతి చేసుకునే బల్క్ డ్రగ్స్‌లో ఎక్కువ భాగం వచ్చేది చైనా నుంచే. ఆ ఆధారపడటం తగ్గించాలనే 2025 జనవరి 8న నక్కపల్లి బల్క్ డ్రగ్ పార్కుకు ప్రధాని శంకుస్థాపన చేశారు. తైజౌతో పోటీపడాలంటే తైజౌ ఎలా బతుకుతుందో తెలియాలి. ఆ కార్మికుడు పండక్కి ఎందుకు ఆగడో, ఆ యజమాని భోజనం బల్ల దగ్గర ఎందుకు బేరమాడడో, కాంట్రాక్టు కన్నా ముందు పరిచయానికి ఎందుకు అంత టైమిస్తాడో తెలియాలి. వాళ్ళు మన గురించి తెలుసుకునే వస్తారు. మనం ఏమీ తెలియకుండా వెళ్తాం. బేరంలో ఎవరు ఓడిపోతారో అనుభవమున్న ఏ పర్చేజ్ మనిషైనా చెప్తాడు. రాజ్యంతో తగవు ఉంటుంది, ఉండాలి కూడా. కానీ తెల్లవారుజామున సోయా పాలు పోసే మనిషితో మనకేం తగవు?

ఐదేళ్ళకు పైగా ఆగిపోయిన నేరు విమానాలు 2025 అక్టోబరులో కోల్‌కతా, గ్వాంగ్‌జౌల మధ్య మళ్ళీ మొదలయ్యాయి. మా ప్రాంతం నుంచి వెళ్ళేవాళ్ళు ఇక పెరుగుతారు. 2022లో వచ్చిన హాంగ్‌జౌ, తైజౌ హైస్పీడ్ రైలు దారిలోనే తియన్‌తాయ్, లిన్‌హాయ్ స్టేషన్లున్నాయి. కాబట్టి కంపెనీలకు నా మాట ఇది. సోమవారం నుంచి శుక్రవారం దాకా తనిఖీ పెట్టి శుక్రవారం రాత్రికే టికెట్టు తీయకండి. ఒక్క ఆదివారం వదలండి, ఆ గది అద్దె మీకు ఎన్నో రెట్లు తిరిగొస్తుంది. వెళ్ళే కుర్రవాళ్ళకు ఇది. ఉప్మా పొట్లాలు రెండు చాలు, పొద్దున్నే లేచి వీధిలోకి నడవండి, చూసింది రాసిపెట్టుకోండి, ఆడిట్ రిపోర్టుతో పాటు ఆ కాగితాన్నీ తోటివాళ్ళకు చదివి వినిపించండి. ఇక "ఏముందండీ అక్కడ" అనే పెద్దలకు ఇది. చూసొచ్చి బాగాలేదని చెప్పండి, ఓపిగ్గా వింటాం. చూడకుండా చెప్పే తీర్పును మాత్రం ఎలమంచిలిలో ఇక చెల్లనివ్వం.